అన్నీ గోధుమరంగే, మరి ఏది ఏ బాతు?

పక్షుల ముచ్చట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల వలస పక్షుల గురించి ఏమైనా అడగండి అన్నాం కదా, వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చూస్తే చాలావరకు బాతుల మీదే ఉన్నాయి. సరే, ఈసారి శీర్షిక మొత్తం బాతులకే ఇచ్చేశాం. ఫోటోలు పంపినవాళ్ళకి థాంక్స్, కొన్నింట్లో బాతు కన్నా నీళ్ళే ఎక్కువ కనిపిస్తున్నాయి గానీ పర్లేదు, అలాంటి ఫోటోల్లోంచి కూడా కొంత చెప్పొచ్చు.

ప్రశ్న: సార్, మాది కైకలూరు దగ్గర. నవంబర్ వచ్చేసరికి కొల్లేరు వైపు పరజలు, అదే అడవి బాతులు, బోలెడు దిగుతాయి. పుస్తకం కొనుక్కుని వెళ్ళి చూస్తే అందులో ఉన్న రంగురంగుల బాతులు ఒక్కటీ లేవు, చెరువు నిండా మట్టిరంగు బాతులే. అన్నీ ఆడవేనా? వీటిని విడదీసి గుర్తుపట్టడం అసలు కుదిరే పనేనా?

కుదురుతుందండీ. కాకపోతే రంగు చూసి గుర్తుపట్టాలనే ఆలోచన ముందు పక్కన పెట్టేయాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు, పుస్తకంలో మగ బాతు బొమ్మ చూసి దానికోసం వెతుక్కుంటారు, దొరక్కపోతే మన వల్ల కాదులే అని పుస్తకం మూసేస్తారు.

అన్నీ ఆడవి కావు. వలస బాతుల్లో మగవాటికి ఆ సోకులన్నీ జత కట్టే కాలం కోసం. ఎండాకాలంలో అక్కడ సైబీరియా, మధ్య ఆసియా వైపు జత కట్టడం అయిపోగానే ఆ ఈకలు రాలిపోయి, ఆడదానిలాగే మాసిన గోధుమరంగు ఈకలు వస్తాయి, రెక్కల్లో ఎగరడానికి పనికొచ్చే పెద్ద ఈకలు కూడా ఒక్కసారే రాలిపోతాయి కాబట్టి మూడు నాలుగు వారాలు అవి ఎగరలేవు, ఆ టైంలో రంగురంగుల కోటు వేసుకుని నీళ్ళ మధ్య కూర్చుంటే నక్కకో గద్దకో చిక్కిపోతాయి, అందుకని ఆ మారువేషం. రెక్కలు వచ్చాక మన వైపు బయల్దేరతాయి గానీ రంగులు తర్వాత మెల్లగా వస్తాయి. కాబట్టి అక్టోబర్, నవంబర్‌లో మీరు చూసేవాటిలో సగం వేషం మార్చుకుంటూ ఉన్న మగవే అయ్యుండొచ్చు. సూదితోక బాతు, అదే పిన్‌టెయిల్, డిసెంబర్‌కల్లా తయారైపోతుంది. గార్గనీ, షవలర్ మాత్రం బద్ధకస్తులు, జనవరి దాటినా కొన్ని మగవి అలా అతుకులబొంతగానే తిరుగుతుంటాయి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది జనవరి చివర్లో వెళ్ళమని, అప్పుడైతే మగవాటిని చూసి పేరు తెలుసుకుని, పక్కనే జంటగా ఉన్న ఆడదాన్ని తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. బాతు కనపడగానే మొదట అది నీళ్ళ మీద ఎలా కూర్చుందో చూడండి. తోక పైకెత్తి, ఒళ్ళంతా నీళ్ళ మీద తేలుతూ ఉంటే అది పైపైన మేసే రకం. తల ముంచి, పిర్ర పైకెత్తి, కాళ్ళు కొట్టుకుంటూ తింటుంది, పూర్తిగా మునగదు. బెదిరిస్తే ఉన్నచోటు నుంచే ఒక్క ఉదుటున పైకి లేస్తుంది. అలా కాకుండా నీళ్ళల్లోకి కొంచెం దిగబడినట్టు, తోక నీటికి ఆనుకుని ఉండి, చూస్తుండగానే బుడుంగుమని మునిగి ఎక్కడో దూరంగా లేస్తే అది మునిగే రకం, పోచార్డ్‌లూ టఫ్టెడ్ బాతూ ఈ జట్టు. ఇవి ఎగరాలంటే నీళ్ళ మీద కొంత దూరం పరుగెత్తాలి. ఈ ఒక్క ముక్కతో మీ చెరువులో బాతులు రెండు జట్లుగా విడిపోతాయి, సగం పని అయిపోయినట్టే.

తర్వాత ముక్కు. షవలర్ అయితే ఆడదైనా మగదైనా వేషంలో ఉన్నా ముక్కు దాచుకోలేదు, గరిటెలాగా ముందుకి వెడల్పైపోయి తలకన్నా పొడుగ్గా ఉంటుంది. అది మేసే తీరు చూడండి, భలే ఉంటుంది. నాలుగైదు షవలర్లు ఒకదాని తోకకి ఇంకోటి ముక్కు ఆనించినట్టు గుండ్రంగా తిరుగుతుంటాయి, ఆ తిరుగుడుకి అడుగునున్న చిన్న చిన్న పురుగులు పైకి లేస్తాయి, ముక్కు సగం నీళ్ళల్లో పెట్టి అటూ ఇటూ ఆడిస్తూ జల్లెడ పట్టేస్తాయి. ముక్కు అంచుల్లో సన్నటి పళ్ళ వరసల్లాంటివి ఉంటాయి, నీళ్ళు పక్కల్నించి బయటికి పోతాయి, పురుగులు లోపల ఉండిపోతాయి. దూరంగా ముక్కు సరిగ్గా కనపడకపోయినా, గుండ్రంగా తిరిగే గుంపు కనిపిస్తే నూటికి తొంభై పాళ్ళు షవలర్లే.

పిన్‌టెయిల్ ఆడది సన్నగా, మెడ పొడుగ్గా ఉంటుంది, ముఖం మీద గీతలూ మచ్చలూ ఏమీ లేకుండా సాదాగా ఉంటుంది, ముక్కు బూడిదరంగు. ఆ పొడుగు మెడ వల్లే మిగతావాటికి అందని లోతు నుంచి కూడా మేత తీసుకోగలదు. గ్యాడ్‌వాల్ కొంచెం తికమక, ఒంటి మీద చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు, కానీ రెక్క మడిచినప్పుడు పక్కన చిన్న తెల్ల చదరం తొంగి చూస్తుంటుంది, ఎగిరితే ఇంకా స్పష్టంగా. ఆడదాని ముక్కు పక్కలు నారింజరంగు, మధ్యలో నల్లగీత. విజియన్‌కి తల గుండ్రంగా, ముక్కు చిన్నగా, నీలం కలిసిన బూడిదరంగులో, కొన మాత్రం నల్లగా ఉంటుంది. గట్టు మీదకొచ్చి గడ్డి మేస్తున్న బాతు కనిపిస్తే ముందు విజియన్ అనుకుని చూడండి, మగది "వీ...ఊ" అని ఈల కూడా వేస్తుంది.

ఇంకోటి మర్చిపోకండి, మగ బాతు వేషం మార్చినా రెక్క మీద గుర్తు మారదు. రెక్క వెనక అంచున మెరిసే పట్టీ ఒకటి ఉంటుంది, ఒక్కో జాతికి ఒక్కో రంగు. అందుకే బాతులు ఎగిరినప్పుడు అయ్యో ఎగిరిపోయాయే అనుకోకుండా కెమెరా తియ్యండి, కూర్చున్న ఫోటోలు పది ఉన్నా తేలనిది రెక్క విప్పిన ఫోటో ఒక్కటుంటే తేలిపోతుంది.

ప్రశ్న: నెల్లూరు నుంచి రాస్తున్నాను. నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్ళినప్పుడు తీసిన ఫోటో పంపాను చూడండి. ఒక ఫ్రెండ్ కామన్ టీల్ అంటాడు, ఇంకో ఫ్రెండ్ గార్గనీ అంటాడు. యాప్‌లో పెడితే మొదటిసారి ఒకటి, రెండోసారి ఇంకోటి చెప్పింది.

మీ ఫోటోలో రెండూ ఉన్నాయండీ, అందుకే ఆ గొడవ! ఎడమ పక్క రెండు గార్గనీలు, కుడి చివర తుంగ పక్కన ముడుచుకుని ఉన్నది టీల్. ఇవి రెండూ చిన్న బాతులే, ఆడవి పక్కపక్కన పెడితే తప్ప సైజు తేడా తెలీదు, టీల్ ఇంకాస్త చిన్నది.

ముందు ఎడమవైపు దాని ముఖం జూమ్ చెయ్యండి. కంటి పైన తెల్లటి గీత, కంటి మీదుగా నల్లగీత, దాని కింద మళ్ళీ తెల్లగీత, బుగ్గ మీద ఇంకో మసక నల్లగీత, ముక్కు మొదట్లో తెల్లటి చుక్క. ముఖమంతా చారలు చారలుగా ఉంది కదా, అది గార్గనీ. ముక్కు కూడా కాస్త పొడుగు, పూర్తిగా ముదురు బూడిదరంగు. ఇప్పుడు కుడివైపుది చూడండి. ముఖం దాదాపు సాదాగా ఉంది, కంటి మీదుగా ఒక్క గీత తప్ప ఏం లేదు. ముక్కు చిన్నది, మొదట్లో కొంచెం పసుపు జీర. అన్నిటికన్నా గట్టి గుర్తు తోక దగ్గర ఉంది, తోక పక్కన, మొదట్లో, సన్నగా ఒక లేత గీత అడ్డంగా పోతోంది చూశారా, అది ఆడ టీల్‌ది. ముఖం కనపడకుండా తల రెక్కలో దూర్చి నిద్రపోతున్నా ఆ గీతతో పట్టేయొచ్చు. రెక్క విప్పితే టీల్‌కి ఆకుపచ్చ పట్టీ మెరుస్తుంది.

రంగులొచ్చాక మగవాటితో ఇబ్బందే లేదు. గార్గనీ మగదానికి కంటి పైనుంచి మెడ దాకా పెద్ద తెల్ల కనుబొమ్మ ఉంటుంది, టీల్ మగదానికి ఎర్రమట్టి రంగు తల, కంటి చుట్టూ ఆకుపచ్చ పట్టీ, తోక కింద పసుపు మచ్చ. ఇంకో లెక్క కూడా ఉంది. గార్గనీ వలసలో తొందరపాటు మనిషి, ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లోనే దిగిపోతుంది, మళ్ళీ వెళ్ళేటప్పుడు అన్నిటికన్నా ఆలస్యంగా, కొన్ని ఏప్రిల్ చివరిదాకా ఉంటాయి. వినాయక చవితి రోజుల్లో మీ ఊరి చెరువులో వలస బాతు కనిపించిందంటే దాదాపు అదే.

యాప్ సంగతి అంటారా, దూరంనుంచి తీసిన ఆడ బాతు ఫోటో ఇస్తే ఏ యాప్ అయినా తడబడుతుంది. అది చెప్పింది సలహా అనుకోండి, తీర్పు అనుకోకండి.

ప్రశ్న: భీమవరం దగ్గర నాకు చేపల చెరువులున్నాయండి. చలికాలం వస్తే నల్ల బాతులు గుంపులుగా దిగుతాయి, పిల్ల చేపల్ని తినేస్తున్నాయని మా కుర్రాళ్ళు బాణాసంచా కాలుస్తారు. వీటి పేరేంటి?

మీరు నల్ల బాతులు అంటున్నవాటిలో ఒక్కటి కూడా బాతు కాదేమో అని నా అనుమానం. మూడు రకాలు ఇక్కడ కలిసిపోతుంటాయి.

నల్లగా, పొడుగ్గా, ముక్కు చివర కొక్కెం తిరిగి, ఒడ్డున కర్ర మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ కూర్చుంటే అది నీటికాకి. చేపలు తినేది అదే, గుంపుగా పడితే పిల్ల చెరువుకి నష్టం నిజమే. రెండోది ఒళ్ళంతా బొగ్గులాంటి నలుపు, నుదురూ ముక్కూ మాత్రం తెల్లగా ఉండేది కూట్, నామాల కోడి అంటారు కదా అది. ఇది బాతుల గుంపుల్లో కలిసి తిరుగుతుంది కాబట్టి జనం బాతనుకుంటారు, కాళ్ళు చూస్తే బాతుకున్నట్టు వేళ్ళ మధ్య పూర్తి చర్మం ఉండదు, ప్రతి వేలికీ విడివిడిగా రేకులుంటాయి. ఎక్కువగా నాచు, నీటి మొక్కలు తింటుంది. మూడోది గుప్పెడంత ఉండి, తోకే లేనట్టు, క్షణంలో మునిగి మాయమయ్యేది బుడబుంగ. అది చిన్న చేపల్ని తింటుంది గానీ దాని పొట్టకి ఎంత పడుతుంది చెప్పండి.

నిజం బాతులు మీ చేపల జోలికి పెద్దగా రావు. వాటి తిండి గింజలు, నాచు, నత్తలు, పురుగులు. అయితే వరి విషయంలో మాత్రం అంత అమాయకులు కావు, ఈల బాతులు, మచ్చముక్కు బాతులు రాత్రిపూట పొలంలో దిగి గింజ తింటాయి, అది ఒప్పుకోవాలి. టపాకాయలు కాలిస్తే అన్నీ కలిసి లేచిపోతాయి, కాసేపటికి నీటికాకులే ముందు తిరిగొస్తాయి. పిల్ల చెరువుల వరకు పైన దారాలో వలో కట్టుకోవడం నయం, అదీ పక్షులు చిక్కుకోకుండా బిగుతుగా కట్టించండి.

అన్నట్టు విజియన్, గ్యాడ్‌వాల్ కూట్‌ల వెనకాలే ఎందుకు తిరుగుతాయో ఎప్పుడైనా గమనించారా? కూట్ మునిగి అడుగునుంచి నాచు తెస్తుంది, పైకి రాగానే ఇవి లాగేసుకుంటాయి. మునగడం చేతకాని బాతులకి అదొక తేలిక మార్గం.

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో మా చెరువులో ఆకుపచ్చ తల బాతు చూశాం. మల్లార్డ్ అని గ్రూపులో పెట్టాను, ఒకాయన కాదు అని గట్టిగా వాదించాడు. ఎవరు కరెక్ట్?

ఆయనే కరెక్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. మల్లార్డ్ ఉత్తర భారతంలో చలికాలం బాగానే కనిపిస్తుంది, మన దాకా రావడం అరుదు. మన దగ్గర ఆకుపచ్చ తల అంటే ముందు షవలర్ మగది అనుకోవాలి. షవలర్‌కి తల ఆకుపచ్చ, రొమ్ము తెలుపు, పక్కలు ఎర్రమట్టి రంగు. మల్లార్డ్‌కి మెడ చుట్టూ సన్నటి తెల్ల పట్టీ, రొమ్ము ముదురు గోధుమ, ముక్కు పసుపు, వెడల్పు మామూలే.

ఇంకో చిక్కుంది. పెంపుడు బాతుల్లో చాలావరకు మల్లార్డ్ వంశమే, తోక మీద మెలితిరిగిన ఈకలతో సహా ఆ పోలికలు మగవాటిలో కనిపిస్తాయి. కోతలయ్యాక పొలాల్లో వందల బాతుల్ని తోలుకుంటూ తిరిగేవాళ్ళని చూసే ఉంటారు, ఆ మందల్లోంచి తప్పిపోయినవో, ఎవరో తెచ్చి చెరువులో వదిలేసినవో కావొచ్చు. ఒళ్ళు బరువుగా ఉండి, అక్కడక్కడ అసందర్భంగా తెల్ల మచ్చలుండి, మనుషులు దగ్గరికొచ్చినా కదలకపోతే అది ఇంటిదే. ముఖం మీద ఎర్రటి కాయలు కాసినట్టుండే పెద్ద బాతు కూడా పెంపుడుదే, మస్కోవీ అంటారు, దాని పూర్వీకులు మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోవి.

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటున్నాం. మా వెనక యార్డ్‌లో చెట్టు మీద, ఒక్కోసారి పక్కింటి కప్పు మీద ఎర్ర ముక్కు బాతులు కూర్చుని ఈలలు వేస్తుంటాయి. మా అమ్మ చూసి ఇవి మనూళ్ళో ఉన్నాయి అంటోంది. నిజమేనా?

మీ అమ్మగారు చుట్టాన్ని గుర్తుపట్టారు. మీ ఇంటి దగ్గర ఉన్నది బ్లాక్ బెల్లీడ్ విజ్లింగ్ డక్, టెక్సాస్‌లో బాగా కనిపిస్తుంది. మన ఊళ్ళలోది లెస్సర్ విజ్లింగ్ డక్, ఈల బాతు. రెండూ ఒకే కుటుంబం, రెండూ చెట్టెక్కుతాయి, చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి, ఎగురుతూ ఈల వేస్తాయి. తేడా ఏంటంటే మీ దగ్గరిదానికి ముక్కు గులాబీ ఎరుపు, పొట్ట నలుపు, ఎగిరినప్పుడు రెక్క మీద పెద్ద తెల్ల పట్టీ. మనదానికి ముక్కు ముదురు బూడిదరంగు, ఒళ్ళంతా ఎర్రమట్టి రంగు, రెక్క మీద తెలుపే ఉండదు. సైజు కూడా మనది చిన్నది.

అమ్మగారిని అడగండి, రాత్రి ఆరుబయట పడుకున్నప్పుడు పైనుంచి రెండు ముక్కలుగా ఒక ఈల, "సీ-సిక్, సీ-సిక్" అంటూ గుంపుగా పోయేది విన్నారా అని. పగలంతా చెరువులో గుంపుగా కునికిపాట్లు పడి, చీకటి పడ్డాక మేతకి పోయేవి ఇవే. ఎగిరేటప్పుడు మెడ కొంచెం కిందకి వాలి, కాళ్ళు తోక దాటి వెనక్కి వేలాడుతుంటాయి, రెక్కలు వెడల్పు. మిగతా బాతులు బుల్లెట్లలా దూసుకుపోతుంటే ఇవి తాపీగా పోతాయి.

ప్రశ్న: అంకుల్, నేను ఏడో తరగతి. మన దేశంలో అన్నిటికన్నా చిన్న బాతు ఏది? బాతు పిల్లలు చెట్టు మీంచి దూకుతాయి అంటే మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు.

నవ్వనీ నాన్నా, నువ్వు చెప్పింది నిజమే. మన దేశంలో అతి చిన్న బాతు కాటన్ టీల్, పేరులో పిగ్మీ గూస్ అని కూడా ఉంటుంది. పావురం కన్నా మరీ పెద్దదేం కాదు. కలువపూలు, తామరాకులు ఉన్న చెరువుల్లో ఉంటుంది. మగది తెల్లగా, వీపు ముదురు ఆకుపచ్చగా మెరుస్తూ, మెడలో నల్ల పట్టీతో ఉంటుంది, ఆడదానికి ఆ పట్టీ ఉండదు, కంటి మీదుగా నల్లగీత ఉంటుంది. దాని శాస్త్రీయ నామంలో కోరమండలియానస్ అని వస్తుంది, అంటే మన కోరమండల్ తీరం పేరే.

ఇది చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టాక తల్లి కిందనుంచి పిలుస్తుంది, అవి ఒక్కొక్కటే తొర్ర అంచుకొచ్చి కిందకి దూకేస్తాయి. వాటి బరువు చాలా తక్కువ, ఒళ్ళంతా దూది లాంటి నూగు, అందుకని దెబ్బ తగలదు. నీ ఫ్రెండ్స్‌కి ఇంకోటి చెప్పు, నక్తా అని ముక్కు మీద పెద్ద బుడిపె ఉండే బాతు కూడా చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది. ఆ బుడిపె మగదానికే ఉంటుంది, వానాకాలంలో ఇంకా ఉబ్బుతుంది.

ప్రశ్న: రిటైరైన తెలుగు మాస్టారిని, రాజమండ్రి. కావ్యాల్లో చదివే జక్కవలు ఇప్పుడు మన ప్రాంతంలో కనిపిస్తాయా? రాత్రిళ్ళు నిజంగా విడిపోతాయా?

నమస్కారం మాస్టారూ. కనిపిస్తాయి. రడ్డీ షెల్‌డక్, బ్రాహ్మిణీ డక్ అని పుస్తకాల్లో ఉండేది అదే. ఒళ్ళంతా కాషాయం, తల లేత రంగు, తోక, రెక్కల చివర్లు నలుపు, ఎగిరితే రెక్కల మీద తెల్లటి పెద్ద పట్టీలు. గుర్తుపట్టడంలో అన్నిటికన్నా సులువైనది ఇదే, మెడలో సన్నటి నల్లపట్టీ ఉంటే మగది. లడాఖ్, టిబెట్ వైపు పిల్లల్ని పెంచుకుని చలికాలం మన పెద్ద నదుల ఇసుక తిన్నెల మీద, రిజర్వాయర్ల గట్ల మీద దిగుతాయి. మీ గోదావరిలో నీళ్ళు తగ్గి లంకలు తేలాక డిసెంబర్, జనవరిలో చూడండి, తుంగలో కాదు, ఆరుబయట ఇసుక మీద, దాదాపు ఎప్పుడూ రెండేసి.

రాత్రి విడిపోవడం కవుల మాట. పక్షులు మాత్రం జంట వదలవు. రాత్రిళ్ళు ఏటి అటూ ఇటూ మేస్తూ గట్టిగా "ఆంగ్, ఆంగ్" అని పిలుచుకుంటాయి, ఆ పిలుపు విన్నవాడికి విరహం అనిపించిందంటే కవుల తప్పేం లేదు.

అదే చోట తల మీద రెండు నల్ల పట్టీలున్న బూడిదరంగు పెద్ద పక్షులు కనిపిస్తే అవి బార్ హెడెడ్ గూస్‌లు. హిమాలయాలు దాటొస్తాయి, పరికరం కట్టి పంపితే 7 వేల మీటర్ల పైన కూడా ఎగిరినట్టు తేలింది.

ప్రశ్న: మా వైపు చలికాలం పరజ మాంసం రహస్యంగా అమ్ముతారు. తింటే తప్పా?

తప్పు, నేరం కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతుల వేట, అమ్మకం, కొనడం అన్నీ కేసే. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి కూడా వెళ్ళింది, అక్కడ ఇంకా గట్టిగా ఉంటుంది. విషపు గింజలు చల్లి పట్టేవాళ్ళు కూడా ఉంటారు, అలాంటి మాంసం ఇంట్లో పిల్లలకి పెడతారా? బాతు మాంసం మీద అంత మోజుంటే పెంపుడు బాతులు అమ్ముతున్నారు కదా.

ప్రశ్న: గూడబాతు ఏ రకం బాతు?

బాతే కాదు. పెలికాన్. ముక్కు కింద సంచీ ఉంటుంది, చేపలు తింటుంది. కైకలూరు దగ్గర ఆటపాక, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళంలో తేలినీలాపురం, ఎక్కడికెళ్ళినా చెట్ల మీద గూళ్ళు కట్టుకుని కనిపిస్తాయి.

ప్రశ్న: బాతుల కోసం ఎలాంటి బైనాక్యులర్ కొనాలి? ఏ టైంలో వెళ్ళాలి?

8x42 అని రాసున్నది తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 20 రెట్లు, 30 రెట్లు అని ఆన్‌లైన్‌లో ఊదరగొడతారు, చేత్తో పట్టుకుంటే వణుకుడు తప్ప ఏమీ కనపడదు. పెద్ద చెరువుల్లో బాతులు మరీ దూరంగా ఉంటాయి కాబట్టి తర్వాతెప్పుడైనా స్టాండ్ మీద పెట్టే స్కోప్ గురించి ఆలోచించొచ్చు, మొదట్లోనే వద్దు.

పొద్దున్నే వెళ్ళండి, సూర్యుడు మీ వీపు వెనక ఉండే గట్టు చూసుకోండి. చాలామంది దీన్ని పట్టించుకోరు, ఎండకి ఎదురుగా నిలబడితే అన్ని బాతులూ నల్లగానే కనిపిస్తాయి, ఎంత ఖరీదు పెట్టి కొన్న బైనాక్యులర్ అయినా అంతే. పది దాటితే నీళ్ళ మీద ఆవిరి తెర లేచి అంచులన్నీ అలికేస్తుంది. ప్రతి ఏడాది జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల లెక్క తీస్తారు, 1987 నుంచి జరుగుతోంది, మీ దగ్గర్లో పక్షుల క్లబ్బు ఉంటే వాళ్ళతో ఆ రోజు వెళ్ళండి. తెలిసినవాళ్ళ పక్కన నిలబడి ఒక పూట గడిపితే ఎన్ని పుస్తకాలు తిరగేసినా రానిది వస్తుంది.

ప్రశ్న: చెరువు గట్టున చచ్చిపోయిన బాతు దొరికింది, కాలికి రింగుంది. ఏం చెయ్యాలి?

వట్టి చేతులతో ముట్టుకోకండి, అదే ముందు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి తెలుసు కదా, చచ్చిన నీటిపక్షి విషయంలో జాగ్రత్త అవసరం. దగ్గర్లో పశువైద్యశాలకి గానీ అటవీశాఖకి గానీ కబురు చెప్పండి. రింగు మీద అంకెలు, అక్షరాలు స్పష్టంగా వచ్చేలా ఫోటో తియ్యండి, తేదీ, ఊరు రాసిపెట్టుకోండి. రింగు మీద ఎవరికి చెప్పాలో రాసుంటుంది, మన దేశంలో వేసినవైతే సాధారణంగా ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవి. దానికి ఎక్కడ, ఏ రోజు రింగు వేశారో వాళ్ళు మీకు జవాబిస్తారు.

ప్రశ్న: ఎండాకాలంలో కూడా మా చెరువులో బాతులున్నాయి. దారి తప్పినవా?

కాదు, అవి మనవే. ఈల బాతు, కాటన్ టీల్, నక్తా, మచ్చముక్కు బాతు ఏడాదంతా ఇక్కడే ఉంటాయి. మీరు చూసింది పెద్దగా ఉండి, ముక్కు నల్లగా, కొన పసుపుగా, ముక్కు మొదట్లో రెండు ఎర్రచుక్కలు ఉంటే మచ్చముక్కు బాతు. దీనికి ఆడా మగా దాదాపు ఒకేలా ఉంటాయి, వేషాలు మార్చడం కూడా లేదు. ఎర్రచుక్కలు కనపడనంత దూరంలో ఉంటే వీపు వెనకభాగం చూడండి, మడిచిన రెక్క మీద తెల్లటి పెద్ద మచ్చ ఉంటుంది, కాళ్ళు నారింజ ఎరుపు. మే నెలలో వలస బాతులు దాదాపు అన్నీ వెళ్ళిపోయాక చెరువులో మిగిలేది ఈ నాలుగే కాబట్టి, నిజానికి నేర్చుకోవడం మొదలుపెట్టాలంటే అప్పుడే మొదలుపెట్టొచ్చు, ఎండకి టోపీ పెట్టుకోండి.